వంతెన అవతల కాజా

నెహెమ్యా మాస్టారికి షుగరు రాలేదు. రాబోతోంది. వచ్చినదానికీ రాబోయేదానికీ మధ్య దూరం ఎంతో ఆయన భార్య హన్నా టేపు పెట్టి కొలిచి మరీ చెప్పింది: నూట రెండు సెంటీమీటర్లు.

అది మాస్టారి నడుం చుట్టుకొలత.

"మగవాళ్ళకి తొంభై దాటకూడదటండీ," అంది హన్నా టేపు చుట్టేస్తూ. "మీరు పన్నెండు ఎక్కువ."

"లెక్కల మాస్టార్ని. నాకే తీసివేతలు నేర్పుతున్నావా?"

"నేర్పట్లేదు. చెయ్యమంటున్నాను."

ఇదంతా అంతకుముందు ఆదివారం మొదలైంది. ఆరాధన అయ్యాక చర్చి పక్కనున్న హాల్లో ఉచిత షుగరు పరీక్షలు పెట్టారు. పెట్టింది నర్సు తెరేసా. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి తూకం తెరేసా అంటారు. పెళ్ళికి పిలిచినా బరువు చూసే మిషను సంచిలో పెట్టుకుని వస్తుందని ప్రతీతి.

నెహెమ్యా మాస్టారు యానాం ఫరంపేటలో ఉంటారు. సర్కారు బళ్ళో లెక్కలు చెబుతారు. ఆదివారాలు సండే స్కూలు సూపరింటెండెంటు. అంచేత పిల్లలకి ఆదర్శంగా ఉండాలని హన్నా ఆయన్ని వరసలో మొట్టమొదట నిలబెట్టింది. పరగడుపునే తీసుకొచ్చింది కూడా. ఆ ఉదయం ఇడ్లీ ఎందుకు పెట్టలేదో మాస్టారికి అప్పుడు అర్థమైంది.

"వయసు?" అంది తెరేసా కాగితం మీద నుంచి తలెత్తకుండా.

"నలభై ఏడు."

"ఇంట్లో ఎవరికైనా షుగరుందా?"

మాస్టారు నోరు తెరిచేలోగా హన్నా అందుకుంది. "అత్తయ్యగారికి ఉండేదండి. మా బావగారికి ఉంది."

"నడుస్తారా?"

"రోజూ నడుస్తానండి," అన్నారు మాస్టారు ధీమాగా.

"ఎక్కడ?" అని అడిగింది తెరేసా కాదు, హన్నా.

"క్లాసులో. బోర్డు ఈ చివర నుంచి ఆ చివరికి."

తెరేసా 'నడక: లేదు' అని రాసుకుంది. "తీపి తింటారా?"

"అప్పుడప్పుడూ."

"అంటే ఎప్పుడు?"

"ఎదురైనప్పుడు."

పరగడుపున నూట పద్ధెనిమిది వచ్చింది. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలు బల్ల మీద కూర్చోబెట్టి మళ్ళీ చూస్తే నూట డెబ్బై రెండు.

"ఇంకా షుగరు కాదు మాస్టారూ," అంది తెరేసా. "కానీ దాని ముందు గదిలో కూర్చున్నారు. ముందు గదిలోంచి లోపలికీ వెళ్ళొచ్చు, లేచి ఇంటికీ వచ్చెయ్యొచ్చు. అది మీ చేతుల్లో ఉంది. అంటే కాళ్ళల్లో."

"తీపి మానేస్తే సరిపోతుందా?"

"అందరూ అదే అడుగుతారు. ఒక్క తీపే కాదండీ. ఇంట్లో ఉన్న జబ్బు, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, కదలకుండా కూర్చోవడం, మూడుసార్లు వడ్డించుకునే తెల్లన్నం, అన్నీ కలిసి వస్తాయి. ఇంట్లో ఉన్నదాన్ని మార్చలేం. మిగతావి మార్చొచ్చు. ఎనభై ఆరు కిలోలున్నారు. ఓ ఆరు కిలోలు తగ్గండి. రోజూ అరగంటకి తక్కువ కాకుండా చురుగ్గా నడవండి. అన్నం సగం చేసి కూర రెట్టింపు చెయ్యండి. మూడు నెలల తర్వాత చూద్దాం."

ఇంత చెబితే మాస్టారి చెవికి పట్టింది మొదటి మాటే. 'ఇంకా షుగరు కాదు.' ఆ సంతోషంలో ఇంటికొచ్చి రెండు చెంచాల పంచదారతో కాఫీ కలపమన్నారు.

హన్నా కలపలేదు. వంటగది గుమ్మంలో నిలబడి ఆయన కాళ్ళవైపు చూస్తూ ఉండిపోయింది.

అత్తగారికి షుగరు ముదిరి కాలి మీద లేచిన పుండు రెండేళ్ళు మానలేదు. ఆ రెండేళ్ళూ పొద్దున్నా సాయంత్రం కట్టు విప్పి కట్టు కట్టింది హన్నా. చివరికి పాదం తీసేశాక, మంచం కింద ఒక్క చెప్పే మిగిలితే, రెండోది ఎక్కడ పెట్టాలో తెలియక పాత చీరలో చుట్టి పెట్టెలో దాచిందీ ఆమే. మాస్టారు ఆ రోజుల్లో గది బయట వరండాలో పేపరు పట్టుకుని కూర్చునేవారు. పేపరు తలకిందులుగా ఉందని ఆయనకి ఎవరూ చెప్పేవారు కారు.

ఆ మర్నాటి నుంచి ఇంట్లో కొత్త పాలన మొదలైంది.

అన్నానికి కప్పు వచ్చింది. ఆ కప్పు అంచుకి సమంగా తలగొట్టి ఒకసారి. రెండోసారి అడిగితే ఆనపకాయ కూర. మూడోసారి అడిగితే మంచినీళ్ళు. జంతికల డబ్బాలో వేయించిన శనగలు, మిఠాయి డబ్బాలోనూ వేయించిన శనగలు. స్కూటరు తాళం హన్నా తాళాల గుత్తిలో చేరింది, బడికి తప్ప బయటికి రాదు. రోజూ సాయంత్రం గంటసేపు గోదావరి గట్టున నడక. చేతిలో పచ్చరంగు ప్లాస్టిక్ సీసా. సీసాలో కాకరకాయ, మెంతులు కలిపి మరిగించిన కషాయం.

"కాకరకాయ మందు కాదమ్మా," అని తెరేసా ముందే చెప్పింది. "దాన్ని నమ్ముకుని నడక మానేస్తారేమో."

"మందని కాదు సిస్టరుగారూ," అంది హన్నా. "చేతిలో ఇది ఉంటే దాహమేస్తోందని కూల్‌డ్రింకు కొట్టు దగ్గర ఆగరు."

మాస్టారికి ఆలోచన రావడానికి రెండు రోజులు పట్టింది. గంట నడక అంటే గంట స్వేచ్ఛ. ఎవరు చూడొచ్చారు?

అందరూ చూశారు.

మొదటి రోజు వీధి మలుపులో జోసెఫిన్ మిఠాయి కొట్టు దగ్గర ఆగితే, ఆవిడ లడ్డూల పళ్ళెం మీద మూత పెట్టేసి, "హన్నమ్మగారు చెప్పేరండి మాస్టారూ," అంది జాలిగా. రెండో రోజు మెట్టకూరు దాకా వెళితే, అక్కడి కొట్టువాడు పదో తరగతిలో ఆయన చేత లెక్కల్లో సున్నా వేయించుకున్నవాడు. "మీకు షుగరంట కదండి, నేనివ్వనండి," అని ఎంతో సంతోషంగా చెప్పాడు. మూడో రోజు అగ్రహారంలో పెళ్ళి. లడ్డూ పెదవులదాకా వెళ్ళిందో లేదో, పెళ్ళికొడుకు తల్లి వచ్చి దాన్ని చేతిలోంచి తీసుకుని కీరదోస ముక్క పెట్టి వెళ్ళింది.

యానాంలో మాస్టారికి తెలియనివాళ్ళు లేరు. అయితే శిష్యుడు, లేకపోతే శిష్యుడి తండ్రి, రెండూ కాకపోతే సంఘసభ్యుడు. ముప్పై చదరపు కిలోమీటర్ల ఊళ్ళో లడ్డూ తినడానికి చదరపు అడుగు చోటు లేకుండా పోయింది.

అప్పుడాయన చూపు వంతెన మీద పడింది.

గోదావరి మీద పంటు పడవ పోయి వంతెన వచ్చి నాలుగేళ్ళయింది. వంతెనకి ఇవతల యానాం, అవతల ఆంధ్రాలోని ఎదుర్లంక. మధ్యలో నది మాత్రమే కాదు, రాష్ట్రం కూడా మారుతుంది. అవతలివాళ్ళు అటు నుంచి ఇటు ఎందుకు వస్తారో అందరికీ తెలుసు. యానాంలో మందు చవక. సాయంత్రమైతే ఆ వంతెన మీద గంభీరంగా వచ్చి ఉల్లాసంగా వెళ్ళేవాళ్ళే ఎక్కువ. అందుకే సీసాలు దాటించకుండా అవతలి ఒడ్డున చెక్‌పోస్టు కూడా ఉంది.

పాపం చెయ్యడానికి జనమంతా యానాం వస్తుంటే, పాపం చెయ్యడానికి యానాం దాటి వెళ్ళిన మొదటి మనిషి బహుశా నెహెమ్యా మాస్టారే.

బస్సెక్కితే ఎవరో ఒకరు చూస్తారు. ఆటో అయితే డ్రైవరు చెబుతాడు. కనక నడిచే వెళ్ళారు. తల వంచుకుని, సీసా చంకలో పెట్టుకుని, గాలికి పంచె ఎగిరిపోకుండా పట్టుకుని, నదిని దాటారు. మధ్యలో రెండుసార్లు రెయిలింగుకి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఊపిరి అందకపోయినా ఆశ వదల్లేదు.

ఎదుర్లంకలో అమ్మిరాజు కాజాల కొట్టు. పాకంలో మునిగి తేలిన కాజాలు, తట్ట నిండా.

"ఎన్నండి?" అన్నాడు అమ్మిరాజు.

"మూడు."

ఆకులో పెట్టిచ్చాడు. మాస్టారు బల్ల మీద కూర్చుని, ఆకు ఒళ్ళో పెట్టుకుని, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుని, తల వంచి, ఈ ఆహారానికి స్తోత్రం చెప్పుకుని, ఆమేన్ అని, అప్పుడు కొరికారు. ఎంత దొంగతనంగా వచ్చినా ఆ ఒక్కటీ మానలేకపోయారు. పాకం గడ్డం మీదికి కారింది. ఆ క్షణంలో ఆయనకి ఏ రాష్ట్రంలో ఉన్నారో కూడా గుర్తులేదు.

తిరుగుదారిలో లెక్క వేసుకున్నారు. వెళ్ళడం రావడం ఆరు కిలోమీటర్లకి తక్కువ ఉండదు. నడిచింది మైనస్, తిన్నది ప్లస్. మొత్తం సున్నా. సున్నా అంటే తప్పు లేనట్టే.

"ఇంతసేపు నడిచారేమిటి?" అంది హన్నా గుమ్మంలో.

"నీ మాట మీద గౌరవంతో."

"కషాయం తాగారా?"

"సీసా చూడు. చుక్క లేదు."

చుక్క లేని మాట నిజం. వంతెన మధ్యలో దాన్ని గోదావరిలో పోశారు. చేపలకి ఇక షుగరు రాదు అనుకున్నారు. రెండో వారం అది కింద వెళుతున్న నావలో ఒక జాలరి నెత్తిన పడింది. కింద నుంచి వచ్చిన మాటలు సండే స్కూలు సూపరింటెండెంటు ఎవరికీ చెప్పదగ్గవి కావు. అప్పటి నుంచి చెక్‌పోస్టు దాటి అవతలి ఒడ్డు దిగాక తుప్పల్లో పోయడం మొదలెట్టారు.

ఒకసారి మాత్రం దొరికిపోయినంత పనయింది. కొక్కేనికి తగిలించిన చొక్కా జేబు చుట్టూ ఎర్రచీమలు బారులు తీరి కనిపించాయి. హన్నా ఆ చొక్కా తీసుకుని, చీమల్ని చూసి, మాస్టార్ని చూసి, పెరట్లోకి వెళ్ళి దులిపేసింది.

"వానాకాలం చీమలు," అంది.

"వానాకాలం చీమలే," అన్నారు మాస్టారు. అంత తెలివైన ఆడది ఇంత తేలిగ్గా మోసపోవడం చూసి ఆయనకి ఆమె మీద జాలి కూడా కలిగింది.

ఆ జాలి కలిగిన తర్వాతి వారమే ఎదుర్లంకలో కాజాలకి కష్టకాలం వచ్చింది.

"రెండే ఉన్నాయండి," అన్నాడు అమ్మిరాజు ఒక రోజు, తట్ట మీద గుడ్డ కప్పుతూ.

"ఆ గుడ్డ కింద?"

"అయ్యి పెళ్ళివారియ్యండి. ఆయ్."

తర్వాత వారం ఒకటే. ఆ తర్వాత ఆ ఒకటి కూడా చిక్కిపోవడం మొదలైంది. నాలుగంగుళాల కాజా రెండంగుళాలై, చివరికి గోలీ అంత అయింది. రోజు విడిచి రోజు అదీ ఉండేది కాదు. ఆకులో ఉడకబెట్టిన శనగ గుగ్గిళ్ళు పెట్టి, పైన ఉల్లిపాయ ముక్కలు జల్లి, "ఇయ్యాల ఇయ్యేనండి," అనేవాడు అమ్మిరాజు. పక్క కొట్టుకి వెళితే పక్క కొట్టువాడు కూడా, "ఇప్పుడే అయిపోయాయండి," అనేవాడు, ఎదురుగా ఉన్న తట్టకి వీపు అడ్డం పెట్టి.

"ఆంధ్రాలో పరిశ్రమలన్నీ దెబ్బతిన్నాయి," అని మాస్టారు స్టాఫ్‌రూములో నిట్టూర్చేవారు. ఏ పరిశ్రమ అని ఎవరైనా అడిగితే మాట మార్చేవారు.

అయినా వెళ్ళడం మానలేదు. సాయంత్రం ఐదయ్యేసరికి కాళ్ళు వాటంతటవే వంతెనవైపు లాగేవి. మధ్యలో ఆగడం ఎప్పుడు మానేశారో ఆయనకే గుర్తులేదు. బెల్టు రెండు చిల్లులు లోపలికి జరిగింది. బడి మెట్లు ఎక్కాక పిల్లలు లేచి నిలబడి 'గుడ్ మార్నింగ్' అంటే, ఇదివరకులా చెయ్యి ఊపి ఊరుకోకుండా, నోటితోనే జవాబు చెప్పగలుగుతున్నారు.

అంతా కాజా మహిమ అనుకున్నారు.

మూడో నెల చివర్లో చెక్‌పోస్టుకి గోపి అనే కొత్త కానిస్టేబులు వచ్చాడు. కుర్రాడు, హుషారుగలవాడు. మూడు రోజులు మాస్టార్ని గమనించాడు. తలవంచుకుని వస్తాడు. సీసా చంకలో దాచుకుంటాడు. యానాం నుంచి వచ్చేటప్పుడు సీసా నిండుగా, తిరిగి వెళ్ళేటప్పుడు ఖాళీగా. నాలుగో రోజు గేటు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగండి. సీసాలో ఏంటండి?"

"కషాయం."

"అందరూ అదే అంటారండి. ఇలా ఇవ్వండి."

"బాబూ, వద్దు. నీ మంచికే చెబుతున్నా."

ఆ మాటతో గోపికి ఉన్న అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. చెయ్యి జాపి సీసా లాక్కుని, మూత తీసి వాసన చూశాడు. ముక్కు ముడుచుకుపోయింది. ఏదో ఘాటైన కొత్త సరుకని తేల్చుకుని, సీసా ఎత్తి, ఒక గుక్క పూర్తిగా మింగాడు.

అతని ముఖంలో జరిగినవి మాస్టారు జీవితంలో మరచిపోలేదు. ముందు కళ్ళు మూసుకుపోయాయి. తర్వాత ఒక కన్ను తెరుచుకుంది. చెవులు వెనక్కి కదిలాయి. టోపీ దానంతటదే పైకి లేచినట్టయింది. గేటు కొయ్యని రెండు చేతులతో పట్టుకుని వేలాడుతూ, "ఎవరు... ఎవరు చేసేరండి దీన్ని?" అన్నాడు.

"మా ఆవిడ."

"ఎన్నాళ్ళ నించండి?"

"మూడు నెలలు."

సరిగ్గా అప్పుడే అమలాపురం నుంచి యానాం వెళ్ళే బస్సు గేటు దగ్గర ఆగింది. కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చింది. అది సంఘ పెద్ద ప్రభుదాసుది. ఆయన్ని ఊళ్ళో రెండో మైకు అంటారు. చర్చిలో మైకులో చెప్పని విషయాలు కూడా ఆయన బయట చెబుతారు. ఆయనకి కనిపించింది ఇంతే: చెక్‌పోస్టు, పోలీసు, పోలీసు చేతిలో సీసా, పక్కన తల వంచుకుని సండే స్కూలు సూపరింటెండెంటు.

"మాస్టారూ!" అన్నాడు ప్రభుదాసు, బస్సంతా వినిపించేలా.

"ప్రభుదాసుగారూ, ఇది మీరు అనుకుంటున్నది కాదు..."

బస్సు కదిలిపోయింది. మాస్టారు రెండడుగులు బస్సు వెంట పరుగెత్తారు. మూడు నెలల కిందటైతే ఆ రెండడుగులకే ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సి వచ్చేది.

గోపి నోరు పుక్కిలించి, సీసా రెండు చేతులతో తిరిగి ఇచ్చాడు. "ఎల్లండి మాస్టారూ. రోజూ ఇది తాగుతున్నారంటే ఇంకా మేం వెయ్యడానికి శిక్ష ఏముంటాదండి."

మాస్టారు ఆ రోజు అమ్మిరాజు కొట్టువైపు చూడలేదు. వెనక్కి తిరిగి, వంతెన మీద పరుగులాంటి నడకతో ఇంటికి బయల్దేరారు. కానీ ప్రభుదాసు బస్సులో ఉన్నాడు. జేబులో సెల్‌ఫోను ఉంది.

ఇంటి ముందు తొమ్మిది జతల చెప్పులు ఉన్నాయి. వరండాలో ప్రభుదాసు, సంఘ పెద్దలు, వాళ్ళ భార్యలు. అందరి చేతుల్లోనూ పంచదార లేని టీ. అందరి ముఖాల్లోనూ దుఃఖం. కొంత దుఃఖం టీ వల్ల కూడా కావచ్చు.

"రండి మాస్టారూ," అన్నాడు ప్రభుదాసు మెత్తగా. "మేమెవరమూ మిమ్మల్ని విడిచిపెట్టం. సీసాతో పోలీసులు పట్టుకోవడం నా కళ్ళతో నేను చూశాను. పడిపోయిన మనిషిని లేపడానికే సంఘం ఉంది."

"అది కషాయం! హన్నా, చెప్పవే!"

హన్నా సీసా అందుకుంది. గ్లాసులో పోసి ప్రభుదాసు ముందు పెట్టింది. "మీరే చూడండన్నయ్యగారూ."

ప్రభుదాసు తాగాడు. కాసేపు ఏమీ అనలేదు. అనే స్థితిలో లేడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "కషాయమే," అని సాక్ష్యం చెప్పాడు.

అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. మాస్టారు కూడా పీల్చుకోబోయారు. అంతలో ప్రభుదాసుకి గొంతు తిరిగి వచ్చింది.

"మరి కషాయం తాగడానికి ఎదుర్లంక ఎందుకు వెళ్ళారు? మీరు గట్టున నడుస్తారని కదా హన్నమ్మగారు చెప్పారు?"

తొమ్మిది మంది మాస్టారివైపు తిరిగారు. హన్నా తిరగలేదు. గ్లాసు కడగడానికి లోపలికి వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది.

మాస్టారి మనసులో రెండు దారులు కనిపించాయి. తెలిసినవాళ్ళు లేని చోట మందు తాగడానికి వెళ్ళానంటే సంఘమంతా ప్రార్థన చేస్తుంది, కన్నీళ్ళు కారుస్తుంది, క్షమిస్తుంది. కాజాల కోసం వెళ్ళానంటే ఇంట్లో హన్నా ఉంటుంది. ఒక్క క్షణం మొదటి దారే సుఖంగా అనిపించింది. కానీ ప్రతి ఆదివారం పిల్లల చేత 'అబద్ధమాడకూడదు' అని మూడుసార్లు చెప్పించే నోరు అది.

"కాజాలు తినడానికి," అన్నారు నేలవైపు చూస్తూ. "మూడు నెలల నుంచి. రోజూ. హన్నాకి తెలియకుండా."

ఎవరో టీ గుటక వేసిన చప్పుడు వినిపించింది.

"రోజూ కాదు," అంది హన్నా వెనక్కి తిరక్కుండానే. "మొన్న ఒకటి, గోలీ అంతది. నిన్న గుగ్గిళ్ళు. ఇవాళ ఏమీ లేదు."

పెద్దలకి ఇది సంఘం తీర్చే తగువు కాదని అర్థమైంది. చెప్పులు వెతుక్కుంటూ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ప్రభుదాసు గేటు దగ్గర ఆగి, "కాస్త బెల్లం ముక్క ఉందా చెల్లెమ్మా?" అన్నాడు. లేదని చెప్పి పంపించింది.

ఇద్దరూ మిగిలారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"చీమలప్పుడే."

"వానాకాలం చీమలన్నావు కదా!"

"చీమలు వానాకాలంవే. పాకం ఎవరిదో చూడాలి కదా. ఊళ్ళో ఎవరూ ఇవ్వరని నాకు తెలుసు, అందరికీ నేనే చెప్పాను. మీ చెప్పుల మడమలు వారంలో అరిగిపోతున్నాయి. గట్టున నడిస్తే అంత అరగవు. మర్నాడు మీరు బడికి వెళ్ళాక బస్సెక్కి ఎదుర్లంక వెళ్ళాను."

"అక్కడ ఎన్ని కొట్లున్నాయి! నేను వెళ్ళేది ఏదో ఎలా తెలిసింది?"

"ఒకటే అడిగాను. 'కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని మరీ కాజా తినే మాస్టారు ఎవరైనా వస్తారా బాబూ' అని. అమ్మిరాజు లేచి నిలబడి దణ్ణం పెట్టేడు. 'ఆయ్, వస్తారండి, మాకు కూడా భక్తి పుట్టుకొస్తందండి' అన్నాడు."

మాస్టారు ముఖం చేతుల్లో దాచుకున్నారు.

"కాజాలు చిన్నవి చెయ్యమన్నది..."

"నేనే. వారానికి కొంచెం. ఒక్కసారిగా చేస్తే మీకు తెలిసిపోతుంది. పక్క కొట్లవాళ్ళతో కూడా మాట్లాడాను. గుగ్గిళ్ళకి ఉప్పు తక్కువ వెయ్యమని చెప్పాను. కషాయం పోస్తున్న తుప్పలు కూడా చూసొచ్చాను, ఎండిపోయాయి పాపం."

"అంత తెలిసీ ఎందుకు ఆపలేదు? నిలదీస్తే మానేసేవాణ్ణి కదా?"

"కాజా మానేసేవారు. నడకా మానేసేవారు," అంది హన్నా. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "నేను గంట నడవమంటే వీధి చివరికి వెళ్ళి కూర్చునే మనిషి, కాజా కోసం రోజూ గోదావరి దాటుతున్నాడు. ఆ కాజాని నేనెందుకు పాడుచేస్తాను?"

మాస్టారు గుమ్మం బయటున్న తన చెప్పులవైపు చూశారు.

"మీకు కోపం రావచ్చు," అంది ఆమె గొంతు తగ్గించి. "నాకేం రాలేదు. ఆరున్నరకి గేటు తీసిన చప్పుడయ్యేది. తర్వాత మీ చెప్పుల చప్పుడు. రెండు కాళ్ళవీ. టకటకా. అది విన్నాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని."

ఆయన అప్పుడు ఆమె ముఖంలోకి చూశారు. తన తల్లి గది బయట పేపరు అడ్డం పెట్టుకున్న రెండేళ్ళలో లోపల ఏం జరిగిందో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. ఆమె చేతిలో ఉన్న ఖాళీ గ్లాసు తీసుకుని, తనే వెళ్ళి కడిగి బోర్లించి వచ్చారు.

సోమవారం పొద్దున తెరేసా దగ్గరికి వెళ్ళారు. పరగడుపున తొంభై ఏడు. గ్లూకోజు తాగాక రెండు గంటలకి నూట ముప్పై రెండు. బరువు డెబ్బై తొమ్మిదిన్నర. నడుం తొంభై మూడు.

"ముందు గదిలోంచి లేచి బయటికి వచ్చారు మాస్టారూ," అంది తెరేసా నవ్వుతూ. "ఇంకో మూడు సెంటీమీటర్లు ఉంది."

మాస్టారికి మళ్ళీ ప్రాణం లేచి వచ్చింది. "చూశారా సిస్టరుగారూ! కాజాలు తింటూ తగ్గాను!"

"కాజాలు తిన్నా తగ్గారు. నడిచారు కనక, అన్నం తగ్గించారు కనక. అవి ఆపెయ్యండి, ఏడాది తిరక్కుండా ఇదే కుర్చీలో ఇదే నూట పద్ధెనిమిది చూపిస్తాను. ఇది పరీక్ష పాసైనట్టు కాదు. హాజరు లాంటిది, రోజూ వెయ్యాలి."

దారిలో మాస్టారు ఆలోచించారు. కాజాలు లేని ఎదుర్లంకకి వెళ్ళి ఏం లాభం? గట్టునే నడవొచ్చు. గట్టు మీద సిమెంటు బల్లలున్నాయి. బల్లల మీద రిటైరైన మాస్టార్లున్నారు. వాళ్ళ దగ్గర పల్లీలుంటాయి.

"హన్నా, ఇక అంత దూరం ఎందుకులే. రేపటి నుంచి గట్టున నడుస్తాను. నీకూ బెంగ ఉండదు."

"వంతెన మీదే," అంది హన్నా. "నాకు బెంగ ఎలాగూ ఉండదు. నేనూ వస్తున్నాను."

"నువ్వెందుకు?"

"సిస్టరు ఇందాక నన్నూ కొలిచింది. ఆడవాళ్ళకి ఎనభై దాటకూడదట. నాది ఎనభై ఆరు. మిమ్మల్ని కొలుస్తూ నన్ను నేను మరిచిపోయాను."

మాస్టారు లోలోపల కొంచెం సంతోషించారు. ఇరవై మూడేళ్ళుగా వంటగది దాటి నడవని మనిషి, వంతెన మొదటి స్తంభం దగ్గరే కూర్చుంటుంది. ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టి, 'నువ్వు రెస్టు తీసుకో, నేను అలా వెళ్ళొస్తాను' అనొచ్చు. అవతల కనీసం గోలీ అంతదైనా దొరక్కపోదు.

మర్నాడు ఐదింటికి హన్నా చీర కుచ్చెళ్ళు కాస్త పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు బిగించి, గేటు తీసింది.

వంతెన మొదటి స్తంభం వచ్చింది. హన్నా కూర్చోలేదు. పదో స్తంభం వచ్చింది. హన్నా ఆగలేదు. వంటగదికీ బావికీ, బావికీ దండేనికీ, దండేనికీ అత్తగారి మంచానికీ మధ్య ఇరవై మూడేళ్ళు ఆమె ఎన్ని కిలోమీటర్లు నడిచి ఉంటుందో లెక్కల మాస్టారు ఎప్పుడూ లెక్క వెయ్యలేదు. నది మధ్యకి వచ్చేసరికి ఆమె ఆయనకి ఇరవై గజాలు ముందుంది.

"హన్నా! కాస్త... కాస్త మెల్లగా! మనం రైలుకి వెళ్ళట్లేదు!"

ఆమె వెనక్కి తిరిగి, ఆగకుండానే చెప్పింది.

"మాట్లాడగలుగుతున్నారుగా. అంటే ఇంకొంచెం వేగం పెంచొచ్చని సిస్టరు చెప్పింది."

మాస్టారు ఏదో అనబోయారు. అది ఎంత ప్రమాదమో తెలిసి వచ్చి, నోరు మూసుకుని, పంచె ఎగ్గట్టి, ఆమె వెనకాల అడుగులు సాగించారు. కాపురం మొత్తంలో భార్య మాటకి ఎదురు చెప్పకపోవడానికి ఆయనకి వైద్యపరమైన కారణం దొరకడం అదే మొదటిసారి.